సుఖమైన జైలు, ఆరో నంబరు వాల్వు

జైల్లో ఉన్నంత సుఖం బయట లేదు. ఈ మాట ఊరికే అనడం లేదు. బాగా ఆలోచించి, ఆచితూచి, మూడు రోజులుగా స్నానం లేకుండా కూర్చుని మరీ అంటున్నాను.

జైలంటే ఊచలూ తాళాలూ చిప్పకూడూ అనుకునేరు. అవి పాతకాలం జైళ్లు. వాటిలో ఉన్నవాడికి తాను జైల్లో ఉన్నానని తెలిసిపోతుంది. చిక్కంతా అక్కడే. తెలిసినవాడు ఊరుకుంటాడా? గోడ దూకాలని చూస్తాడు, అప్పీలు చేస్తాడు, లేదంటే గడ్డం పెంచి కవిత్వం మొదలెడతాడు. ఎవరికి లాభం?

నేను చెప్పే జైలు వేరు. ఇందులో ఉన్నవాడికి గోడే కనిపించదు. గోడ దాకా వచ్చి, ప్రపంచం ఇక్కడితో అయిపోయింది కాబోలనుకుని హాయిగా వెనక్కి తిరుగుతాడు. ఇలాంటి జైలొకటి మీకూ నాకూ దొరికితే ఇంకేం కావాలి చెప్పండి?

ఈ జ్ఞానం నాకు మా బావమరిది పెట్టిన భిక్ష. అంటే మా ఆవిడ తమ్ముడు. ఊరికి నీళ్లు సరఫరా చేసే ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. ఊళ్లో మొత్తం నలభై వాల్వులు. ఏ వాల్వు తెరిస్తే ఆ పేటకి నీళ్లు. అన్నీ కంప్యూటర్లోంచే తెరుచుకుంటాయి, అందులోంచే మూసుకుంటాయి. మా వీధిది ఆరో నంబరు వాల్వు. ఈ నంబరు కాస్త గుర్తుపెట్టుకోండి. మా అత్తగారినైతే నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు.

అయిదు నెలల కిందట ఆ ఆఫీసుకి కొత్త డైరెక్టర్‌గారు వచ్చారు. చాలా మంచివారు. అందరికన్నా ముందొస్తారు, అందరూ వెళ్లాక వెళ్తారు. ప్రమాదమంతా అందులోనే ఉంది. ఖాళీగా కూర్చుంటే ఆయన చెయ్యి ఊరుకోదు. టేబుల్ మీద స్టేప్లర్ కనిపిస్తే పిన్నులన్నీ తీసి మళ్లీ పేరుస్తారు. అలాంటి మనిషి ముందు నలభై వాల్వులున్న స్క్రీను పెట్టారు.

మొదటి వారం పదమూడో నంబరు మూసేశారు. ఎందుకండీ అని అడిగితే, "పన్నెండూ పద్నాలుగూ పక్కపక్కనే వెలిగితే చూడ్డానికి బాగుంది" అన్నారు. రెండో వారం ఇరవైనీ ఇరవై ఒకటినీ ఒక్కసారే పూర్తిగా తెరిచారు. ఆ పేటలో ఒక సినిమాహాల్లో మ్యాట్నీ చూస్తున్న ముందు మూడు వరసలవాళ్లు ఇంటర్వెల్ దాకా ఆగకుండా ఈదుకుంటూ బయటికొచ్చేశారు.

అప్పుడు మా బావమరిది రంగంలోకి దిగాడు. సీహెచ్‌రూట్ అనే కమాండుతో ఊరిని కాపాడాడు.

కంప్యూటర్ల గొడవ మీకు తెలియకపోతే రెండు నిమిషాలు ఓపిక పట్టండి. తెలిస్తే ఈలోగా టీ తాగి రండి.

కంప్యూటర్లో ఫోల్డర్లన్నీ ఒక పెద్ద ఇంట్లో గదుల్లాంటివి. వాటన్నిటికీ మొదలొకటి ఉంటుంది, ఇంటికి వీధిగుమ్మంలాగా. దాన్నే రూట్ అంటారు. ఏ ప్రోగ్రామైనా అక్కడే బయల్దేరి ఏ గదికి కావాలంటే ఆ గదికి పోతుంది. సీహెచ్‌రూట్ ఏం చేస్తుందంటే, ఆ ప్రోగ్రామును వెనకవైపు గదిలో కూర్చోబెట్టి, "నాయనా, ఇదే వీధిగుమ్మం, దీనికవతల ఏమీ లేదు" అని చెబుతుంది. అది నమ్మేస్తుంది. ఒక మెట్టు పైకెక్కుదామని చూసినా మళ్లీ అదే గదిలో తేలుతుంది. ఆ పనిచేసేవాళ్లు దీన్ని ముద్దుగా జైలనే పిలుచుకుంటారు.

ఒక్కటే షరతు. లోపలున్నవాడికి కావలసినవన్నీ లోపలే పెట్టాలి. గడియారం కావాలంటే గడియారం, పుస్తకం కావాలంటే పుస్తకం. ఏది తక్కువైనా అనుమానం వస్తుంది.

మా బావమరిది ఏదీ తక్కువ చేయలేదు. నలభై వాల్వులకీ నలభై నకళ్లు తయారుచేశాడు. ట్యాంకుల మట్టాలు, ఎక్కే ముళ్లు, దిగే ముళ్లు, ఎర్రలైట్లు, పచ్చలైట్లు, అన్నీ గదిలో సర్ది డైరెక్టర్‌గారి ప్రోగ్రామును అందులో కూర్చోబెట్టాడు. అప్పట్నుంచి ఆయన పొద్దస్తమానం వాల్వులు తెరుస్తూ మూస్తూనే ఉన్నారు. ముల్లు కదులుతుంది, లైటు మారుతుంది. నీటి బొట్టు మాత్రం కదలదు. గోడ అవతల అసలు వాల్వులు పాత టైంటేబులు ప్రకారం వాటంతటవే పనిచేసుకుపోతుంటాయి. కారు ముందు సీట్లో చంటాడి చేతికి బొమ్మ స్టీరింగు ఇచ్చినట్టన్నమాట. వాడు మలుపులు తిప్పుతుంటాడు, కారు క్షేమంగా ఇంటికి చేరుతుంది.

ఆయన సుఖంగా ఉన్నారు. ఊరు సుఖంగా ఉంది. ఇంతకన్నా మంచి పరిపాలన మీరెక్కడైనా చూశారా?

ఈ కిటుకు వినగానే మా ఇంట్లో కూడా అమల్లో పెట్టాం. ఫోను గ్రూపులో రోజూ తెల్లవారకముందే ఆరోగ్య సూత్రాలు పంపే బాబాయి ఒకాయన ఉన్నాడు మాకు. ఆయనకోసం వేరే గ్రూపు పెట్టాం. అందులో మేమందరం ఉన్నట్టే ఉంటుంది. ఆయన సూత్రం పెట్టగానే పన్నెండు బొటనవేళ్లు లేస్తాయి, ఒక వదిన "ఎంత బాగా చెప్పారు మామయ్యగారూ" అంటుంది. ఆ వదిన మా వంశంలో ఎక్కడా లేదు. అయినా బాబాయికి ఆవిడంటేనే అభిమానం. బీపీ కూడా దిగింది.

మా బిల్డింగు సెక్రెటరీకి విడిగా ఒక నోటీసుబోర్డు ఇచ్చాం, మెట్ల కింద, ఎవరూ వెళ్లని చోట. రోజుకి నాలుగు నోటీసులు అంటిస్తున్నాడు. మనిషి ఒళ్లు చేశాడు.

ఇక ఆఫీసు సంగతి. గదిలో డైరెక్టర్‌గారికి జనం కంప్లైంట్ల పట్టిక కూడా పెట్టాలి కదా? పెట్టాడు మావాడు. కానీ నకలు ఊళ్లో నకలు జనానికి ఏం కంప్లైంట్లుంటాయి? సున్నా చూపించింది. డైరెక్టర్‌గారు ఆ సున్నా పట్టుకెళ్లి బోర్డు మీటింగులో చూపించారు. బోర్డువాళ్లు అంత గుండ్రటి సున్నా జీవితంలో చూడలేదట. "మాకూ అదే పెట్టించండి" అన్నారు. వాళ్లకీ ఒక గది అయింది.

ఆ తర్వాత వాళ్లలో ఒక దూరదృష్టి గలాయన లేచి, జనం నిజంగానే కంప్లైంట్లు పెడితే మన సున్నా ఏమవుతుంది అన్నాడు. కంప్లైంట్లు రాసుకునే పేజీని కూడా గదిలో పెట్టెయ్యమన్నారు. మా బావమరిది ఉద్యోగస్తుడు. పైవాళ్లు చెబితే కాదంటాడా? పెట్టాడు. ఇప్పుడు మీరు కంప్లైంటు రాస్తే అది ఆ గదిలో పడుతుంది. అక్కడ మనిషంటూ ఎవరూ లేరు. మరీ జవాబివ్వకపోతే మర్యాద కాదని మావాడే ఒక మెసేజీ ఏర్పాటుచేశాడు. "మీ సమస్య పరిష్కరించబడింది. మీ సంతృప్తి మాకు ముఖ్యం." నాలుగు సెకన్లలో వస్తుంది.

సరిగ్గా ఆ సమయంలో మా వీధికి నీళ్లు ఆగిపోయాయి.

మొదటిరోజే కంప్లైంటు పెట్టాను. నాలుగు సెకన్లలో పరిష్కారమైంది. పెళ్లయిన ఇరవయ్యేళ్లలో మా ఇంట్లో నా మాటకి అంత తొందరగా జవాబు చెప్పినవాళ్లు లేరు. కళ్లు చెమర్చాయి. ఇంట్లో తడి అంటూ ఉన్నది ఆపూటకి అదొక్కటే. మర్నాడూ పెట్టాను, మర్నాడూ పరిష్కారమైంది. మొత్తం పదకొండు కంప్లైంట్లు, పదకొండు పరిష్కారాలు.

ఈలోగా వీధి చివర ట్యాంకరు దగ్గర నేనూ మా ఆవిడా వరసలో నిలబడి, బకెట్లు పట్టుకుని మూడంతస్తులెక్కుతున్నాం. యాభైనాలుగు మెట్లు. మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. కొత్తగా మోకాలి ఆపరేషనయింది. రెండుపూటలా వేణ్ణీళ్ల కాపడం పెట్టాలన్నాడు డాక్టరు. ఒకపూటకి దించాం. తర్వాత ఆ ఒకపూట నీళ్లనే మర్నాడు మళ్లీ కాచాం. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. అందుకే భయం వేసింది.

ఆదివారం బావమరిది వచ్చాడు.

"ఒరేయ్ తమ్ముడూ," అంది మా ఆవిడ, "నీళ్లాఫీసులో పనిచేసేవాడి అక్క ఇల్లు ఎండిపోయిందిరా. ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్విపోతారు."

"వాల్వుల సెక్షన్లో అడుగుతానక్కా. కంప్లైంటు నంబరివ్వు."

"నీ కంప్యూటరు నంబరిస్తేగా ఇవ్వడానికి?"

"పరిష్కారమైపోయినదానికి నంబరెందుకిస్తుందక్కా?"

మా ఆవిడ చేతిలో అట్లకాడ ఉంది. నేను మధ్యలోకి వచ్చాను. "పోనీ నువ్వే వెళ్లి ఆ వాల్వేదో తిప్పకూడదూ?"

"అమ్మో, కంప్లైంటు నంబరు లేకుండా అసలు వాల్వు మీద చెయ్యేస్తే ఉద్యోగం ఊడుతుంది బావా. ఎక్కడో పైపు పూడుకుపోయి ఉంటుంది లెండి."

"మీ డైరెక్టర్‌గారు ముట్టుకున్నారేమో?"

వాడు నన్ను జాలిగా చూశాడు. "ఆయన ముట్టుకుంటే ఏమీ కాదు బావా. ఆ గ్యారంటీ నాది."

అంతసేపూ సోఫాలో కాలు చాపుకుని వింటున్న అత్తగారు అప్పుడు నోరు విప్పారు. "అల్లుడుగారూ, రేపు నన్ను వీడి ఆఫీసుకి తీసుకెళ్లండి."

సోమవారం వెళ్లాం. నీళ్లాగి అది పంతొమ్మిదో రోజు. మా ఆవిడని ఇంట్లో కొళాయి దగ్గర కాపలా పెట్టాం. ఆఫీసులో లిఫ్టు పనిచేయడం లేదు. అత్తగారు కర్ర పట్టుకుని, మెట్టుకొక పేరు పెట్టి తిడుతూ రెండంతస్తులెక్కారు. ఆ పేర్లలో ఎక్కువభాగం కన్నకొడుకువే.

డైరెక్టర్‌గారి గదిలో గోడంత స్క్రీను. పచ్చగా ముప్ఫైతొమ్మిది, ఎర్రగా ఒకటి. మూలన కూర్చున్న మా బావమరిది తల్లిని చూసి టీ సగం మింగాడు, సగం చొక్కాకిచ్చాడు.

డైరెక్టర్‌గారు లేచి స్వయంగా కుర్చీ జరిపారు. "చెప్పండమ్మా."

"ఆరో నంబరు బాబూ. పంతొమ్మిది రోజులైంది."

"అవునమ్మా," అన్నారాయన, ముఖం వెలిగిపోయింది. "నేనే మూశాను."

"ఎందుకు బాబూ?"

"ప్రయోగం కోసం. ఒకరోజు మూసి చూద్దాం, ఎవరైనా అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు. రెండోరోజూ అడగలేదు. పంతొమ్మిది రోజుల్లో ఒక్క కంప్లైంటు లేదు. అంటే ఏం తేలిందీ? మీ వీధికి నీళ్ల అవసరం లేదని తేలింది."

"మా అల్లుడు పదకొండు పెట్టాడు బాబూ."

ఆయన మర్యాదగా స్క్రీను వైపు చెయ్యి చూపించారు. "సున్నా ఉందమ్మా."

అత్తగారు సున్నాని చూశారు. తర్వాత కొడుకుని చూశారు. కొడుకు సీలింగు ఫ్యాన్‌ని చూస్తున్నాడు.

"సరే బాబూ. ఇప్పుడు మనిషినే వచ్చి మీ ఎదురుగా కూర్చున్నాను. నేను సున్నాని కాదు కదా? తెరవండి."

"దానికేం భాగ్యం," అని ఆయన స్క్రీను అడుగున ఒక మూల నక్కి ఉన్న చిన్న కిటికీని పైకి తెచ్చారు. ఒక నొక్కు నొక్కారు. ఎరుపు పచ్చబడింది.

మా బావమరిది నా చెవి దగ్గరికొచ్చాడు. "ఏమీ కాదు బావా. పాపం ఆయన ఆడుకుంటున్నాడు. అమ్మని మెల్లగా తీసుకెళ్లిపోండి."

నా ఫోను మోగింది. మా ఆవిడ.

"ఏవండీ, కొళాయి దగ్గుతోంది."

"దగ్గడమేమిటి?"

"దగ్గుతోందంటుంటే. ఆగండి. వచ్చాయి. ఏవండీ, వచ్చాయండీ."

"వచ్చాయట," అన్నాను పైకి.

పంతొమ్మిది రోజుల తర్వాత మా వీధికి నీళ్లొస్తే లోకంలో ఒకే ఒక్క మనిషికి గుండె ఆగింది. ఆ మనిషి మా అత్తగారి కడుపున పుట్టినవాడే.

డైరెక్టర్‌గారికి అర్థం కాలేదు. "వచ్చాయా? నిజంగానా?" అంటూ మళ్లీ నొక్కారు. ఫోన్లో మా ఆవిడ ఆగిపోయాయంది. మళ్లీ నొక్కారు, వచ్చాయంది. ఇంకోసారి నొక్కారు. "అక్కడ మీరేం చేస్తున్నారండీ, కొళాయికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి," అంది మా ఆవిడ.

ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. అయిదు నెలలుగా పొద్దస్తమానం నొక్కుతూనే ఉన్నారు పాపం. వచ్చాయి అని ఒక్క మనిషి చెప్పడం అదే మొదలు. జేబురుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

బయట వరండాలో బావమరిది గోడకి జారగిలబడ్డాడు. "ఒక్క లైను బావా. ఒకే ఒక్క లైను మర్చిపోయాను. గోడ కట్టేశాక ప్రోగ్రామును చెయ్యిపట్టి లోపలికి లాగాలి. మేం నేర్చుకునే పాఠంలో మొదటి పేజీలోనే ఉంటుంది. గోడ కట్టే సమయానికి ఆయన స్క్రీను మీద ఆరో నంబరు కిటికీ తెరిచిపెట్టి ఉన్నాడు. తర్వాత తెరిచినవన్నీ లోపలివే. అదొక్కటే అవతల ఉండిపోయింది. ఆ మహానుభావుడు దాన్ని అయిదు నెలలుగా మూయలేదు."

"అంటే ఒక కాలు బయటుందన్నమాట."

"ఆ కాలు మన వీధి మీదుంది." వాడు తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఇప్పుడు వాల్వు తెరిచే ఉంది. ఇప్పుడే ఆ లైను రాసేస్తే అలాగే ఉండిపోతుంది. మనిషి మూసినదాన్ని టైంటేబులు తెరవదు గానీ, తెరిచి ఉన్నదాన్ని మిగతావాటిలాగే నడుపుకుంటుంది. ఇంకెప్పుడూ ఆయన చెయ్యి పడదు."

నాకు బంగారంలాంటి మాట అనిపించింది. అత్తగారు మాత్రం కర్ర నేలకి ఆనించి ఆలోచనలో పడ్డారు.

"అది రాస్తే ఆయన పూర్తిగా నీ బొమ్మల పెట్టెలో పడతాడు. అంతేనా?"

"అంతే."

"మేం పెట్టే కంప్లైంట్లు?"

"అవెప్పుడో పడ్డాయమ్మా."

"మీ పైవాళ్లు?"

"వాళ్లు కూడా."

"మరి రేపు పైపే పగిలిందనుకో, నేనెవరితో చెప్పుకోవాలిరా? నీ నాలుగు సెకన్లతోనా?"

వాడు చొక్కా మీద టీ మరక తుడుచుకోసాగాడు.

"ఊరంతటికీ కలిపి తెరిచి ఉన్న కిటికీ ఒక్కటి మిగిలింది. ఆ కాస్తా మూస్తానంటావు. అక్కడ కూర్చున్నవాడు తిక్కమనిషే, కాదనను. కానీ మనిషి. ఎదురుగా కూర్చుని అడిగితే విన్నాడు. రాయకు."

"మళ్లీ మూస్తేనో?"

"మళ్లీ వస్తాను. నా మోకాలు, నా ఇష్టం."

వాడు రాయలేదు. ఆ ఇంట్లో పుట్టినవాడెవడూ ఆవిడ మాట దాటలేదు. ఆ ఇంటికి అల్లుడైనవాడూ దాటలేదు.

ఆ మర్నాటి నుంచి మా వీధి వైభవం చూడాలి! మిగతా ముప్ఫైతొమ్మిది పేటలకీ నీళ్లు యంత్రం వదిలితే, మాకు సాక్షాత్తూ డైరెక్టర్‌గారే స్వహస్తాలతో వదిలేవారు. సరిగ్గా ఆరింటికి అత్తగారికి ఫోను. "వచ్చాయామ్మా?" "వచ్చాయి బాబూ." అంతే, పెట్టేసేవారు. ఆ రెండు మాటలతో ఆయన ఆ రోజంతా హుషారుగా ఉండేవారట, స్టేప్లర్ జోలికి కూడా పోవడం లేదని బావమరిది చెప్పాడు. రెండుపూటలా కాపడం సాగింది. అత్తగారు కర్ర లేకుండా వంటింటి దాకా నడిచారు. జైల్లో ఉన్నవాడు ఒక్కోసారి కిటికీలోంచి చెయ్యి ఊపితే వీధికి ఎంత మేలో చూశారా?

శుక్రవారం ఆయన సెలవు పెట్టారు. పది రోజులు. అక్కగారి ఊరు వెళ్లారు. సెలవులో ఫోను ముట్టనని ఇంట్లో ఒట్టేశారట. బాధ్యత తెలిసిన మనిషి కదా, తాను లేనప్పుడు నీళ్లు వృథా కాకూడదని, వెళ్లేముందు ఆరో నంబరు మూసి మరీ వెళ్లారు.

ఇవాళ మూడో రోజు.

బావమరిదిని అడిగాను. ఇప్పుడు ఆ లైను రాస్తే వాల్వు మూసినట్టే ఉండిపోతుందన్నాడు. రాయకపోతే ఆయన వచ్చేదాకా ఆగాలన్నాడు. తెరవాలంటే కంప్లైంటు నంబరు కావాలన్నాడు.

అయినా నేను జైలు మంచిదన్న మాట మీదే నిలబడి ఉన్నాను. ఇవాళ పొద్దున్న పన్నెండో కంప్లైంటు పెట్టాను. నాలుగు సెకన్లలో పరిష్కరించబడింది. నా సంతృప్తి వాళ్లకి ముఖ్యమట. అది చదువుతుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉంటుందో తెలుసా? సగం దాహం అక్కడే తీరుతుంది.

మిగతా సగం గురించి పక్కగదిలోంచి మా అత్తగారు అడుగుతున్నారు. కాలు మళ్లీ వాచింది, స్టూలు మీద చాపుకుని ఉన్నారు.

"అల్లుడుగారూ, లోపలున్నవాడికి కావలసినవన్నీ లోపలే పెట్టాలన్నాడు కదూ మావాడు?"

"అవునండీ."

"మరి మనకు నీళ్లు పెట్టడం మర్చిపోయాడేం?"

ఆవిడ ప్రశ్నతో సహా ఇదంతా మొదట కంప్లైంట్ల పేజీలోనే రాసి పంపాను. నాలుగు సెకన్లలో పరిష్కరించబడింది. అందుకని ఇటు పంపుతున్నాను. ఇది మీ కంట పడిందంటే, ఎక్కడో ఎవరో ఒక లైను రాయడం మర్చిపోయారన్నమాట.

దయచేసి వాళ్లకి గుర్తుచేయకండి.